‘వేలో’ అన్న ఒక్క మాట

కువెయ్యార్,
మార్చి 3, శుక్రవారం.

గౌరవనీయులైన బెగోన్యా టీచరు గారికి,

రాదోస్తినా నమస్కరిస్తూ రాస్తున్న ఉత్తరం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ నేను చూసుకునే ముసలావిడ అసుంసియోన్ అమ్మగారూ నేనూ బతికే ఉన్నాం. ఏదో మర్యాదకి రాసిన మాట కాదిది, నిజంగానే బతికి బయటపడ్డాం.

మూడు వారాలుగా స్పానిష్ క్లాసుకి ఎందుకు రావడం లేదని చీటీ పంపారు. వచ్చే శుక్రవారం నా గ్యాసు కథ అందరికీ చెప్పాలనీ, ‘ఓలేర్’ క్రియకి అంతకంటే మంచి పాఠం దొరకదనీ రాశారు. అమ్మగారి కూతురు పియెదాద్ మీకు అంతా చెప్పేసినట్టుంది.

ఆ క్రియ నేర్పిన రోజు నాకు బాగా గుర్తుంది. “వాసన చూడాలంటే ఓలేర్. కానీ నేను అనాలంటే వేలో, నువ్వు అంటే వేలెస్, వాసన వస్తోందంటే వేలే. రాసేటప్పుడు ముందొక ‘హెచ్’ చుట్టంలా వచ్చి కూర్చుంటుంది, నోరు మాత్రం విప్పదు” అన్నారు. క్లాసంతా నవ్వింది. తర్వాత చిల్లుల మూత పెట్టిన కప్పు ఒక్కొక్కరికీ ఒక్కోటి ఇచ్చి, వాసన చూసి లోపల ఏముందో చెప్పమన్నారు. నా ముందావిడ కాఫీ అంది. నేనూ కాఫీ అన్నాను.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున జరిగింది ఇది. అమ్మగారికి పాలు వేడి చేద్దామని గిన్నె పొయ్యి మీద పెట్టి అగ్గిపెట్టె తీశాను. అప్పుడే గ్యాసు వాసన ముక్కుకి గుప్పున కొట్టింది. అగ్గిపెట్టె పారేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, ఆమెను చక్రాల కుర్చీలోకి ఎత్తి మెట్ల దగ్గరికి లాక్కొచ్చాను. ఎదురింటి ఫ్రోయిలాన్ గారి తలుపు బాదుతూ “ఓలే! ఓలే!” అని అరిచాను. భయానికి మీ పాఠం ఎటో పోయి, ఎద్దుల పోటీలో జనం వేసే కేక నోటికొచ్చింది.

ఆయన పైజామాతోనే తలుపు తీసి, “ఏంటమ్మా పొద్దున్నే ఓలే అంటున్నావ్, మీ ఇంట్లోకి ఎద్దేమైనా వచ్చిందా?” అన్నాడు.

“వేలే! గ్యాస్, గ్యాస్ వేలే!” అన్నాను. ముసలాయన మొహం తెల్లబోయింది. తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని వెళ్లి బండ మీట తిప్పేశాడు. రబ్బరు గొట్టం బొటనవేలంత పొడుగున చీలి ఉందట. “అగ్గిపుల్ల గీసుంటే మెట్లతో సహా పోయేవాళ్లం తల్లీ” అన్నాడు.

సాయంత్రం పియెదాద్ వచ్చి నన్ను కౌగలించుకుంది. “నీ ముక్కుకి బంగారు తొడుగు చేయించాలే!” అంది. ఈ నెలలో కరెంటు పొయ్యి పెట్టిద్దామనుకుందట. “ఇంకెందుకు? కొత్త గొట్టం వేశాం, నీ ముక్కుంది, చాలు” అని ఆ మాట అక్కడితో వదిలేసింది.

అప్పట్నుంచీ నాకు భయం పట్టుకుంది టీచరు గారూ. మీట కట్టేసి ఉందో లేదో పదిసార్లు చూస్తాను. గొట్టానికి సబ్బునురగ రాసి బుడగలు వస్తాయేమోనని కూర్చుంటాను. చలికి అమ్మగారు తిడుతున్నా కిటికీ మూయను. పొయ్యి వెలిగించే ముందు ప్రతిసారీ చెయ్యి బిగుసుకుపోతుంది. రెండు రోజులుగా ఆమెకి చల్లటి పాలే ఇస్తున్నాను. ఇల్లు వదిలి క్లాసుకి ఎలా రాను? ఆ కథ నన్ను చెప్పమనకండి. దయచేసి అడగకండి.

మీ విద్యార్థిని,
రాదోస్తినా

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. పైన రాసింది నేను అందరికీ చెబుతున్న కథ. నాకు వాసనలు తెలియవు. మూడేళ్ల కిందట వచ్చిన జ్వరంతో పోయాయి, తిరిగి రాలేదు. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. క్లాసులో నా కప్పులో ఉన్నది వెనిగరని మూత తీశాక గానీ నాకు తెలియలేదు.

ఆ పొద్దున గ్యాసు కనిపెట్టింది అమ్మగారు. మంచం మీంచి “వేలే, గ్యాస్ వేలే” అని రెండుసార్లు అరిచింది. చనిపోయిన భర్త చుట్ట వాసన వస్తోందని రోజూ అంటుంది కదా, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. అగ్గిపుల్ల గీశాను కూడా. మందు రాలిపోయి వెలగలేదు. రెండోది తీస్తుంటే, “రాదోస్తినా, చంపేస్తావా!” అని ఎన్నడూ వినని గొంతుతో కేక పెట్టింది. అప్పుడు ఆగాను.

ఆమె కూతురికి చెప్పింది కూడా, “నేనే చెప్పానే పిల్లా” అని. పియెదాద్ ఆమె చెయ్యి నిమిరి, “అవునమ్మా, నువ్వే” అంది, పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు. ముసలావిడ నా వైపు చూసింది. నేను నోరు విప్పలేదు.

ఆదివారం పియెదాద్ వస్తుంది. చెప్పేస్తాను. పంపించేస్తే పంపించేయనీ, పొయ్యి మాత్రం మార్చాలి. ఈ ఉత్తరంలో తప్పులెన్ని ఉన్నా వదిలేయండి. ఈ ఒక్క వాక్యం సరిగ్గా ఉందో లేదో రేపటిలోగా చెప్పి పంపండి, ఆమెకి ఇంకోలా అర్థం కాకూడదు: “నో వేలో నాదా.” నాకు ఏ వాసనా తెలియదు.