ఇంకా మొదలవని నీ పాఠం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. "కాల్చని మనిషికి తద్దినమేంది?" అని నీ తమ్ముడు కార్వాన్‌లోని మన ఇంటికి రాలేదు. బడి పంతులువి కదా, "సచ్చినంక గూడ పాఠం జెప్త" అని మెడికల్ కాలేజీకి దేహం రాసిచ్చావు. అందుకే నేను అక్కడికే వెళ్లాను.

అనాటమీ హాల్లో పిల్లలు మంచమంత కంప్యూటర్ తెర చుట్టూ నిలబడి, దానిమీది మనిషి బొమ్మను వేళ్లతో కోస్తున్నారు.

"కొత్త మిషనొచ్చిందమ్మా, క్లాసులన్ని గిప్పుడు దీన్మీదనే," అన్నాడు అటెండర్. "మీ బాపును ఇంక బయటికే తియ్యలే. మందునీళ్ల ట్యాంకులనే ఉన్నడు."

"గట్లయితే ఇంటికి తీస్కపోత."

"ఒకసారి ఇచ్చినంక వాపస్ ఉండదమ్మా."

బెల్లు కొట్టకముందే క్లాసులో నిలబడే మనిషివి, బాపూ. నిన్ను ఇంకా ఎవరూ పిలవలేదు.