వంటింటి బెంచీకి కొలత

నాన్నగారికి,

ఎలా ఉన్నారు? నడుం నొప్పి తగ్గిందా అని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకో కింద రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారేమో. మీ గొంతు వినగానే ఎండల గురించీ వానల గురించీ మాట్లాడి పెట్టేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

వంటింటి మూలకి మెత్త బెంచీ కావాలని అమ్మ ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది కదా, మొదలుపెట్టాను. షాపులో సోఫాలకి చట్రాలు కట్టీ కట్టీ చెయ్యి తిరిగింది, మన ఇంటికి ఒక్కటి కట్టలేనా అనుకున్నాను. చట్రానికి టేకు, పైన ప్లైవుడ్, దాని మీద స్పాంజి పెట్టి గుడ్డ బిగించడం. మధ్యలో కుంగకుండా అడుగుకో అడ్డకర్ర వేశాను. కాళ్ళు కోద్దామని రంపం తీస్తుంటే మేస్త్రి వచ్చాడు.

“ఎత్తెంత పెడుతున్నావమ్మా?”

“పద్దెనిమిది అంగుళాలు.”

“మెత్త మాటేమిటి? అది నాలుగు అంగుళాలు, కూర్చుంటే ఒకటి దిగుతుంది. చట్రం పదిహేను చాలు. అసలు కూర్చునేదెవరు? వాళ్ళ మోకాళ్ళ ఎత్తు చూసుకోవద్దూ?”

అమ్మది చెప్పాను. తమ్ముడిది చెప్పాను. మీది తెలీదని రంపం పక్కన పెట్టేశాను. ఈ పద్నాలుగేళ్ళలో మీరు వంటింటి బల్ల దగ్గర కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ పడిపోయారు.

అమ్మ మిమ్మల్ని పెళ్ళి చేసుకున్నప్పుడు నాకు పదకొండేళ్ళు. మమ్మల్ని కన్న నాన్న కుర్చీని ఆయన పోయాక అమ్మ అటకెక్కించింది. మీరు వచ్చిన వారానికే దింపి, తుడిచి, మీకు వేసింది. బడి నుంచి రాగానే స్క్రూడ్రైవరు తెచ్చి దాని కాళ్ళ మరలు నాలుగూ వదులు చేశాను. మీరు కంచంతో సహా కింద పడ్డారు. అమ్మ కంగారుపడితే, “నా బరువుకి పాపం అదేం ఆగుతుంది” అని నవ్వేశారు. మర్నాటి నుంచీ కంచం పట్టుకుని వంట గట్టు దగ్గర నిలబడే తింటున్నారు. నేను అది రోజూ చూశాను. చూస్తూనే అన్నం తిన్నాను.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీరు ఆ బెంచీ మీద కూర్చుంటానంటేనే కాళ్ళు కోస్తాను. లేదంటే అమ్మకి ఏదో సాకు చెప్పి ఈ కర్ర షాపుకే ఇచ్చేస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టండి. జవాబు మాత్రం రాయండి.

మీ అమ్మాయి


మా గడుగ్గాయికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ “ఏం రాసింది?” అంటే “కర్రల గోల” అన్నాను. అంతకు మించి చెప్పను.

నేను బస్సు డ్రైవర్నమ్మా. బండి కింద పడుకుని బోల్టులు బిగించిన చేతులివి. మర విరిగిందో, ఎవరైనా విప్పారో ఆ మాత్రం తెలీదా? ఆ సాయంత్రమే తెలిసింది. బాధపడలేదంటే అబద్ధం. పిల్లకి ఇష్టం లేని ఇంట్లో నాకేం పని అనుకుని, అక్కయ్య ఊరికి వెళ్ళిపోదామని సంచీ కూడా సర్దాను. తిరిగొస్తానో లేదో నాకే తెలీదు.

అప్పుడు నువ్వొచ్చావు. గుర్తుందో లేదో. గుమ్మంలో నిలబడి, వేణ్ణీళ్ళ సంచీ ఒకటి నా వైపు తోసి, “నడుముకి పెట్టుకోండి. అమ్మకి చెప్పకండి” అని పరుగెత్తావు. మూత సరిగ్గా బిగించలేదు, పరుపు సగం తడిసింది. ఆ తడి పరుపు మీదే కూర్చుని సర్దిన సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. నేను ఈ ఇంట్లో ఉండిపోవడానికి కారణం నువ్వే. ఇన్నేళ్ళూ తప్పు ఒక్కటే మోసుకు తిరిగావు కాబోలు, పిచ్చితల్లీ.

ఇక నిలబడి తినడం మాట. మొదటి నెలంతా పంతమే. ఆ తర్వాత అలవాటైపోయింది. రోజుకి ఎనిమిది గంటలు సీటుకి అతుక్కుపోయేవాడికి నిలబడి తింటే ఎంత హాయో నీకేం తెలుసు! కానీ రిటైరై రెండేళ్ళయింది. ఇప్పుడు కాళ్ళు లాగుతున్నాయి. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం నీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మీ అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “ఒంట్లో బాగానే ఉందా?” అంది. “టేపు తే, కొలవాలి” అన్నాను. మోకాలి వెనక నుంచి నేలకి పందొమ్మిది వచ్చింది.

మీ మేస్త్రి మాట విని పదిహేనుకి కొయ్యకు. చట్రం పదహారు పెట్టు. మీ అమ్మ కాళ్ళు నేలకి ఆనకపోతే ఆ గొడవేదో నేను పడతాను.

నాన్న