మూడో అంతస్తు ఈస్టుకు వారసులు

గుండె బలహీనపడినా బుద్ధి గట్టిగానే ఉన్న నేను, మూడో అంతస్తు ప్రయోగశాల యజమానురాలిని, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతులారా రాస్తున్న వీలునామా ఇది. నా తదనంతరం దీన్ని నా తమ్ముడు అమలుపరచాలి. వాడికి తొందరెక్కువ కాబట్టి చివరిదాకా చదివాకే తాళాలు ముట్టుకోవాలి.

1. ముందుగా నా అసలు ఆస్తి ఏమిటో చెప్పాలి. మందుల తయారీలో ఎంజైము పనివాడైతే, కోఎంజైము వాడి చేతిలోని బొక్కెన. హైడ్రోజన్‌ను మోసుకొచ్చి ఒంపేసి ఖాళీ అవుతుంది. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ఒక్కసారి తోడి బొక్కెనను పారేసేవాళ్లు. అదేమో పిడికెడు కొంటే ఇల్లు గుల్లయ్యే సరుకు. నేను పక్కన రెండో ఎంజైమును నిలబెట్టి, ఫార్మిక్ ఆమ్లపు లవణం నుంచి హైడ్రోజన్ తీయించి, అదే బొక్కెనను మళ్లీ మళ్లీ నింపించాను. మిగిలేది బుడగలై పోయే వాయువు ఒక్కటే. చిటికెడు కోఎంజైముతో నెలంతా మందు తీశాను. గొప్పలు పోతున్నానంటారేమో. పోతాను. గొప్ప పనే చేశాను.

2. గాజు పాత్ర, పంపు సర్వహక్కులతో వాటిని తయారుచేసిన గాజుపని ఆయనకు చెందాలి. మూత కాస్త వంకరగా ఊదాడు. సరిచేస్తానని అప్పటినుంచీ అంటూనే ఉన్నాడు. ఇక తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

3. గది, బల్లలు, నా మెత్తటి కుర్చీ తమ్ముడికి దఖలుపరుస్తున్నాను. లిఫ్టు లేని ఈ మేడలోకి డీప్ ఫ్రీజరును వీపు మీద మోసుకొచ్చింది వాడే. నాటి నడుం నొప్పి గురించి నలుగురు కూడిన చోటల్లా చెబుతూనే ఉన్నాడు. కుర్చీ ఆ నడుముకే. నాకు వాడంటే ప్రాణం. ఇది వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

4. నా తెల్లకోటు తమ్ముడి కూతురికి. నా దగ్గరే పని నేర్చి, బొక్కెన నింపడానికి ఫార్మిక్ లవణం కన్నా గ్లూకోజ్ మేలని నాతోనే వాదించింది. “అత్తా, నీది నడక, నాది పరుగు” అంది. గ్లూకోజుతో ఆమ్లం పేరుకుపోతుంది కాబట్టి, దాని పరుగు వెనక క్షారం సీసా పట్టుకుని ఇంకొకరు పరుగెత్తాలన్నాను. అలిగి, ఒకప్పుడు నా పనిని వెక్కిరించిన పెద్దసారు కర్మాగారంలో చేరింది. నా మాట ఇప్పటికీ నిజమే. కానీ ఎదురు నిలిచి వాదించేలా దాన్ని తయారుచేసింది కూడా నేనే.

5. ఫ్రీజరులోని ఈస్టు గొట్టాలు. మా వీధి పళ్ల దుకాణంలో కుళ్లిన గంప నుంచి నేను వేరుచేసిన ఈస్టు అది. ఆ రెండో ఎంజైము దాంట్లోదే. ఏటా ఒకసారి లేపి, మేత పోసి, కొత్త గొట్టాల్లో పడుకోబెట్టకపోతే చచ్చిపోతుంది. దాన్ని నా మేనకోడలికే ఇస్తున్నాను. నెలలోగా అది స్వయంగా వచ్చి తీసుకోకపోతే తమ్ముడు ఫ్రీజరు ఆపేయాలి.

6. పై షరతును ఇప్పుడే మళ్లీ చదువుకున్నాను. కొట్టేస్తున్నాను. పంతం నాది, ప్రాణం ఈస్టుది. నీ కూతురు రాకపోతే, తమ్ముడూ, గొట్టాలు మంచులో పెట్టి దాని గుమ్మం దాకా నువ్వే మోసుకెళ్లు. ఈసారి మెట్లు దిగడమే కదా. అందులో గ్లూకోజే పోసుకుంటుందో ఏం పోసుకుంటుందో దాని ఇష్టం. బతికించాలి, అంతే.

7. పెద్దసారుకు. నిండు సభలో నా పని చూసి “ఇది రసాయన శాస్త్రం కాదమ్మా, వంటింటి పొదుపు” అన్నారు. ఇవాళ ఆయన కర్మాగారమంతా బొక్కెనలు నింపుకునే బతుకుతోంది. ఎప్పుడైనా ఆయనకు నా ఈస్టు కావాల్సివస్తే నా మేనకోడలి దగ్గరికి వెళ్లి, వంటింటి పొదుపు కొంచెం కావాలమ్మా అని ఆ మాటతోనే అడగాలి. అడిగాక, అది లేదనకుండా ఇవ్వాలి.

మార్చి పదకొండు, మధ్యాహ్నం, కిటికీ పక్క బల్ల మీద రాసి ముగించాను.

(సంతకం) మూడో అంతస్తు ఎంజైములావిడ

సాక్షులు: కింది అంతస్తు దర్జీ; నా గుండె చూసే డాక్టరమ్మ