పేరు కొట్టేసిన కాగితాలు

పాస్టరు గారికి వందనాలు.

ఇవాళ 'అన్నయ్యా' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

యాభై రెండేళ్ల వయసులో నేను మనస్తత్వశాస్త్రం, క్రైస్తవ పరిచర్య కలిపి డిగ్రీ చదువుతానంటే, "ఇప్పుడెందుకే నీకు పుస్తకాలు" అని నవ్వావు. నవ్వితే నవ్వావులే. ఒకరి బాధ విని, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకురమ్మని మా మేడం చెబితే, మన సంఘంలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గర కూర్చున్నాను. భర్త పోయిన రోజు తనకు ఏడుపు రాలేదనీ, హమ్మయ్య అనిపించిందనీ మిషను తొక్కుతూ చెప్పింది. పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట. ఆమె పేరు కొట్టేసి, చివర నేను చేర్చిన బైబిలు వచనాలు సరిచూడమని తగుదునమ్మా అంటూ ఆ కాగితాలు నీకిచ్చాను.

నువ్వు ఆదివారం ప్రసంగంలో చెప్పేశావు. "నేనెవరి పేరూ చెప్పలేదు కదే" అన్నావు తర్వాత. పేరు చెప్పలేదు, కుట్టుమిషను చెప్పావు. సంఘమంతా మెడలు తిప్పి మూడో వరస వైపు చూసింది. ఆవిడ బైబిలు సంచిలో పెట్టుకుని, ఆఖరి పాటకు ముందే వెళ్లిపోయింది. నిన్న ఇంటికి వెళ్లి పిలిస్తే లోపల మిషను చప్పుడు ఆగింది గానీ, తలుపు తెరుచుకోలేదు.

ఈ ఉత్తరంతో పాటు కాలేజీ ఫారం పంపుతున్నాను. నన్ను పై ఏడాదికి పంపాలంటే మా పాస్టరు నింపాలట. నాలుగో ప్రశ్న, "ఈ విద్యార్థి ఇతరుల రహస్యాలు కాపాడగలరా?"

చెల్లెలినని మొహమాటపడకు. కాపాడలేదనే రాయి. కారణం రాయడానికి కింద రెండు గీతల చోటుంది. ఆ కాగితాలు నమ్మి నీకిచ్చిందని రాయి.

చెల్లెలు