నది లేని దేశం

బోధన్,
ఆదివారం

మా దీక్షిత బాపుకు,

ఎదురుగా ఉంటే పేరు పెట్టి పిలవను. కాగితం మీద పిలవచ్చు కదా. శేఖర్, బాగున్నావా?

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావు. నువ్వు ఫోన్ చేస్తే అత్తమ్మ స్పీకర్ పెట్టమంటుంది, దీక్షిత ఒళ్ళోకి ఎక్కుతుంది, ముగ్గురం ఒకేసారి మాట్లాడతాం. నేను అడగాల్సింది అందరి ముందు అడిగేది కాదు. అందుకే రాసి, ఫోటో తీసి, ఇక్కడి పాత నంబరు మీదే ఉన్న నీ వాట్సాప్‌కు పంపుతున్నా. చదివాక నువ్వు కూడా రాసే పంపు. నోటితో అయితే మాట దాటేస్తావు, నాకు తెలుసు.

అజీజా ఆపా వాళ్ళ వరండాలో మేం బీడీలు చుడుతూ ఆడే ఆట గురించి నీకు చెప్పాను. ఆమె బిడ్డ లైబా పరీక్షలకు చదివే పుస్తకం ముందు పెట్టుకుని ఆపా మమ్మల్ని ప్రపంచమంతా తిప్పుతుంది. ఏ దేశానికి ఏ రాజధాని, ఎక్కడ ఏ సముద్రం, అన్నీ అడుగుతుంది. ఎవరి మొగుడు ఏ దేశంలో ఉంటే అది వాళ్ళ దేశం. ఆ దేశం ప్రశ్న వస్తే వాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళు నోరు తెరవకూడదు. చెప్పలేకపోతే ఆ పూట అందరికీ చాయ్ పెట్టాలి. విమలమ్మది కువైట్, ఆపాది మస్కట్, నాది సౌదీ. నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా చాయ్ పెట్టలేదు. సౌదీలో ఏ మూల ఏ పట్నం ఉందో, ఏ ఎడారి పేరు ఏమిటో నాకు నోటికి వచ్చు. నువ్వు ఉన్న దేశం గురించి తెలుసుకుంటే నీకు కాస్త దగ్గరగా ఉన్నట్టు అనిపించేది.

పోయిన వారం ఆపా ఒక ప్రశ్న అడిగింది. "దునియాల ఒక్క నది గూడ లేని అన్నిటికంటె పెద్ద దేశం ఏది?"

అందరూ నా వైపు చూస్తున్నారు. అది నా ప్రశ్న అని నాకు అప్పుడు అర్థమైంది.

"మా దేశం కాదు, మా దాంట్ల నది ఉన్నది" అన్నాను.

"సౌదీల నది ఏడుంది నిఖితా?" అని నవ్వింది విమలమ్మ.

"మా ఆయననే చెప్పిండు. పని అయినంక ఒడ్డుకు పోయి కూసుంటడట" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. లైబా ఫోన్‌లో పటం తెరిచి నా చేతికిచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకు వేలు జరిపి చూశాను. ఒక్క నీలం గీత లేదు. చాట పక్కన పెట్టి లేచి చాయ్ పెట్టాను. వాళ్ళు నేను ఓడిపోయినందుకు ముఖం మాడ్చుకున్నాననుకున్నారు.

నువ్వు దీక్షితతో అన్న మాట నేను కల్పించుకోలేదు. "మన కందకుర్తి లెక్కనే ఈడ గూడ రెండు నదులు కలుస్తయి బిడ్డా, సూస్తే ఇల్లు యాదికొస్తది" అన్నావు. నీ గొంతు ఆ రోజు ఎంత బాగుందో. అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. బీడీలు ఎన్నో వంకరపోతున్నాయి, కార్ఖానాలో వెనక్కి కొడుతున్నారు. నువ్వు ఎక్కడున్నావు? ఎక్కడైనా జైల్లో పడి, మమ్మల్ని మభ్యపెడుతున్నావా? ఎవరితోనైనా ఇంకో కాపురం పెట్టావా? ఇంకొకటి కూడా చెప్తాను, నవ్వకు. కందకుర్తి లెక్క అన్నావు కదా, అసలు దేశమే దాటలేదేమో, కందకుర్తిలోనే ఉన్నావేమో అనిపించింది. ఇంట్లో గుడికి అని చెప్పి బస్సెక్కి పోయాను. మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట మెట్ల మీద నిలబడ్డాను. మరాఠీ మాట్లాడుకుంటూ ఎవరో స్నానాలు చేస్తున్నారు. పడవ నడిపేవాళ్ళ ముఖాలన్నీ చూశాను. చివరికి నీకు ఫోన్ కలిపి, చెవి దగ్గర పెట్టుకోకుండా కిందికి దించి, చుట్టుపక్కల ఎక్కడైనా నీ రింగు మోగుతుందేమోనని విన్నాను. నువ్వు ఎత్తలేదు. ఎక్కడా మోగలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక తిరిగి వచ్చేశాను.

ఏ నది ఒడ్డున కూర్చుంటున్నావో చెప్పు. అది ఎంత చెడ్డ కబురైనా సరే.

నీ
నిఖిత

⁂

నిఖితకు,

నీ ఉత్తరం క్యాంపు మంచం మీద పడుకుని చదివాను. కందకుర్తి మెట్ల మీద నువ్వు ఫోన్ పట్టుకుని నిలబడిన సంగతి చదివిన తర్వాత ఇక దాచడం నా వల్ల కాలేదు.

నేను సౌదీలో లేను. ఇరాక్‌లో ఉన్నాను, బస్రా అనే పట్నం దగ్గర, నేను చెప్పిన ఆ రెండు నదులు కలిసే వైపు. వేరే కాపురం లేదు, జైలు లేదు, దీక్షిత మీద ఒట్టు. వెల్డింగ్ పనే. సౌదీ వీసా అనే చెప్పి బాంబే తీసుకుపోయిన ఏజెంటు, అక్కడికి పోయాక అది క్యాన్సిల్ అయింది, ఇది తయారుగా ఉంది, పోతావా వెనక్కి పోతావా అన్నాడు. ఊరంతా సాగనంపిన తర్వాత ఏ ముఖం పెట్టుకుని తిరిగి రావాలి?

నీకు చెప్పాలనే ఫోన్ చేశాను. అది అవ్వ ఎత్తింది. నువ్వు దవాఖానాలో ఉన్నావు. రెండో కాన్పులో బిడ్డ పోయి నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటున్నావని, తిండి కూడా ముట్టడం లేదని చెప్పింది. ఏ దేశమో విని "దానికిప్పుడు జెప్పకు కొడుకా, తట్టుకోదు" అంది. తర్వాత చెప్దామనుకున్నా. ఈలోపు నువ్వు సౌదీ గురించి ఒక్కొక్కటి నేర్చుకుని ఫోన్‌లో నాకే చెప్పడం మొదలుపెట్టావు. ఎంత సంబరంగా చెప్పేదానివో. నేను ఊఁ కొడుతూ పోయాను.

టీవీలో చూపించేవన్నీ మా దగ్గర జరగవు. అప్పుడప్పుడు చప్పుడు వినపడుతుంది, అంతే. కంపెనీ వాళ్ళు మంచివాళ్ళు. అవ్వను ఏమీ అనకు, తప్పు నాదే. నువ్వు భయపడకు.

నీ
శేఖర్

⁂

బోధన్,
శుక్రవారం

శేఖర్,

భయపడకు అని రాశావు. భయం నీ చేతిలో ఉందా, వద్దంటే ఆగడానికి?

నీ ఉత్తరం చదవగానే నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. దేశం మారినందుకు కాదు. నువ్వూ మీ అవ్వా కలిసి ఇన్నాళ్ళు నన్ను చిన్నపిల్లను చేసి ఆడించినందుకు. అనకు అన్నావు గానీ అన్నాను. అత్తమ్మ రొట్టెలు చేస్తుంటే ఎదురుగా కూర్చుని, "బస్రా ఎక్కడుంది అత్తమ్మా?" అని అడిగాను. పెనం మీది రొట్టె మాడిపోయింది, ఆమె తిప్పలేదు.

"నువ్వప్పుడు మంచం మీదికెల్లి లేస్తలేవు. నీకెట్ల జెప్పుదు?" అంది.

"తర్వాత లేచిన గదా. ఆటల సౌదీ సౌదీ అనుకుంట మురుస్తుంటే గూడ చెప్పాలనిపియ్యలేదా?"

"మురుస్తున్నవనే చెప్పలే. ఇంట్ల ఇద్దరం ఏడ్సుడెందుకు, నేనొక్కదాన్ని సాలు గదా అనుకున్న."

వార్తలు రాగానే ఆమె టీవీ బంద్ చేయడం నేను రోజూ చూసేదాన్నే. సీరియల్ పిచ్చి అనుకున్నాను. నేను చుట్టిన బీడీలు ఇచ్చేందుకు కార్ఖానాకు పోగానే ఆమె తలుపు దగ్గరికి వేసుకుని, సౌండ్ తగ్గించి ఆ వార్తలే చూసేదట. ఎక్కడ బాంబు పడ్డదో, అది నీకు ఎంత దూరమో ఒక్కతే లెక్కేసుకునేదట. మాడిన రొట్టె మా ఇద్దరి మధ్య ఉంది. ఎవరం తీయలేదు. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కోపం పోయిందని మాత్రం అనుకోకు.

నిన్న ఆటకు పోయాను. అత్తమ్మ ఎప్పుడూ రాదు, నిన్న తనే చాట పట్టుకుని నా వెంట వచ్చి గడప పక్కన కూర్చుంది. వంతు నా దగ్గరికి వచ్చింది. "నిఖితా, నీ సౌదీ" అంది ఆపా.

"మాది సౌదీ కాదు ఆపా. ఇరాక్" అన్నాను.

కత్తెరలు ఆగిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆపా ఏమీ అడగలేదు, ఎందుకని గానీ ఎప్పటి నుంచని గానీ. పుస్తకంలో అన్నిటికంటే సులువైన ప్రశ్న వెతికింది. "అచ్ఛా, ఇరాక్ రాజధాని ఏది?"

నాకు తెలుసు, శేఖర్. చిన్నప్పుడు బడిలో చదివిందే. కానీ ఆ పేరు చెబితే నువ్వు నిజంగా అక్కడ ఉన్నట్టే అవుతుందని భయమేసింది.

"బాగ్దాద్" అంది అత్తమ్మ.

సంతకం పెట్టడం రాని మనిషి. ఎవరూ ఆట నియమం గుర్తు చేయలేదు. ఆపా మెల్లగా ఇంకోటి అడిగింది, అక్కడ కలిసే రెండు నదులు ఏవని. "టైగ్రిస్, యూఫ్రటిస్" అంది అత్తమ్మే, తునికాకు మీంచి తల ఎత్తకుండా. విమలమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. నేను లేచి అందరికీ చాయ్ పెట్టాను. ఓడింది నేనే కదా.

దీక్షితకు రేపు నేనే చెప్తాను. ఇంట్లో ఇంకెవరూ ఎవరికీ దాచేది లేదు. ఈసారి నుంచి నువ్వు ఫోన్ చేస్తే మొదట నువ్వు ఉన్న ఊరి పేరు చెప్పు, ఆ తర్వాత తిన్నారా అని అడుగు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. కంపెనీ వాళ్ళు మంచివాళ్ళని రాశావు. ఎప్పుడు వస్తావో మాత్రం రాయలేదు. విమలమ్మ వాళ్ళాయన కూడా మంచివాళ్ళనే చెప్పేవాడట, తీరా తల్లి చనిపోయినప్పుడు రావడానికి పాస్‌పోర్టు చేతిలో లేదు, కంపెనీ వాళ్ళే పట్టుకున్నారట. కాబట్టి ఇప్పుడు నేను అడుగుతున్నా, పుస్తకంలో లేని ప్రశ్న. నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది?

రొట్టెలు చేస్తున్న అత్తమ్మను కూడా అడిగి చూశాను. దీనికి మాత్రం ఆమెకు కూడా జవాబు తెలియదు.

నిఖిత