రెండు కర్రలు, ఒక పిడికిలి

పెద్దక్కకు, యెరూషలేము నుంచి నీ చెల్లెలు సునీత ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. నేను బాగున్నాను. బావగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? టీవీలో వార్తలు చూసి కంగారుపడకు, నిజంగానే బాగున్నాను. చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది, దానికి తోడు వాన. తెనాలిలో మనం చలి అనుకునేది అసలు చలే కాదు.

నేను పనిలో ఉండి చూసుకునే యూదు మామ్మగారు కులాసా. ఆవిడ కూరల్లో ఉప్పూ ఉండదు, కారమూ ఉండదు. నా ముద్ద నేను విడిగా కలుపుకుంటాను. గోంగూర పచ్చడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. శుక్రవారం పొద్దుగూకితే వీళ్ళ విశ్రాంతిదినం మొదలై ఊరంతా సద్దుమణుగుతుంది. అప్పుడే మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఫర్వాలేదులే, బాగానే ఉన్నాను.

ఫోన్‌లో “ఈ తెలివి ఎక్కడిదే నీకు?” అన్నావు. అంతలో లైను తెగిపోయింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నాన్న సమాధి దగ్గర ఎవరి పాస్టరుగారు ముందు ప్రార్థన చెయ్యాలని అన్నయ్యలు తగువుపడ్డారు కదా, ఆనాటి నుంచి రేపల్లె పెద్దన్నయ్యకూ బాపట్ల చిన్నన్నయ్యకూ మాటల్లేవు. ఇప్పుడేమో పెద్దన్నయ్య కూతురి పెళ్ళి. “వాడే వచ్చి తప్పైపోయిందనాలి” అని పెద్దన్నయ్య. “ఇంటికొచ్చి పిలిస్తేగానీ గడప తొక్కను” అని చిన్నన్నయ్య. “బాబాయి లేకుండా పెళ్ళేంటత్తా?” అని ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నాకు మెతుకు దిగలేదు.

ఆ వారమే, విశ్రాంతిదినాన, మామ్మగారు యెహెజ్కేలు గ్రంథం చదివి నాకు అర్థం చెబుతున్నారు. దేవుడు ప్రవక్తను రెండు కర్రలు తీసుకొమ్మన్నాడట. ఒకదాని మీద యూదా పేరు, రెండోదాని మీద యోసేపు పేరు రాయమన్నాడట.

“అన్నదమ్ములు కర్రలు తీశారా! అయితే తలలు పగిలాయన్నమాట” అన్నాను. మన వైపు అంతే కదా! మామ్మగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు.

కొట్లాటకు కాదట, కలపడానికట. సొలొమోను రాజు పోయాకే ఇశ్రాయేలు రాజ్యం యూదా వైపు, యోసేపు వైపు అని రెండు ముక్కలైంది. తండ్రి పోయాకే, అచ్చం మనలాగే. మన పెద్దన్నయ్య ప్రసంగం గుర్తుందా? విడిపోయిన ఎఫ్రాయిము గోత్రాలే, అంటే ఆ యోసేపు వైపు వాళ్ళే, యూదా దగ్గరికి తిరిగి రావాలని, చిన్నన్నయ్య వైపు చూస్తూ బల్ల గుద్ది చెప్పేవాడు. అదే అడిగాను. మామ్మగారు తల అడ్డంగా ఊపారు. తన చేతికర్రా నా కూర తెడ్డూ తెమ్మని, రెండు కొసలూ కలిపి పిడికిట్లో పట్టుకున్నారు. అతుకు కనపడలేదు.

“ఏది దేని దగ్గరికి వెళ్ళింది చెప్పు? రెండూ చేతిలోకి వచ్చాయి. ఏ పేరూ చెరిగిపోలేదు” అన్నారు. పైగా వాళ్ళ హీబ్రూ భాషలో కర్రకూ చెట్టుకూ మాట ఒకటేనట, రెండూ ఒకే చెట్టువన్నట్టు!

అప్పుడు తట్టింది నాకు. రేపల్లె బండీ బాపట్ల బండీ ఎక్కడ కలుస్తాయక్కా? నీ తెనాలిలోనే కదా! ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను. “నీకో పార్సెలు పంపాను, అక్క దగ్గరుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి తెచ్చుకో” అన్నాను. నీతో మాత్రం “ఇద్దరికీ వండు, ఏమీ అడగకు” అన్నాను.

తర్వాతిది నువ్వు చెప్పిందే. అయినా మళ్ళీ రాసుకుంటేగానీ నా సంబరం తీరదు. గుమ్మంలో ఒకరినొకరు చూసి ఇద్దరూ బిగుసుకుపోయారట. నువ్వు ఇద్దరి చేతులూ పట్టి లోపలికి లాగి, “ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేదురా. ఇద్దరూ నా ఇంటికొచ్చారు. కూర్చోండి, కూర చల్లారిపోద్ది” అన్నావట. రొయ్యల కూర సగంలో ఉండగా పెద్దన్నయ్య సంచీలోంచి శుభలేఖ తీశాడట.

“ఇంటికొచ్చి పిలవాలిగా?” అన్నాడట చిన్నన్నయ్య, తల ఎత్తకుండానే.

“అక్క ఇల్లు మనిల్లు కాదేంట్రా? ఇదే పిలుపు!”

గెలిచాం అక్కా! బాపట్ల వెళ్ళాల్సిన మనిషి పెళ్ళి పనులు చూస్తానంటూ అన్నతో కలిసి రేపల్లె బండి ఎక్కాడంటే, ఇక్కడ నేను వంటింట్లో గంతులేశాను. చెబితే మామ్మగారు మంచం మీదే చప్పట్లు కొట్టారు.

నేను పెళ్ళికి రాలేను, దిగులేమీ లేదు. ఇద్దరు పాస్టరుగార్లూ ప్రార్థన చేస్తారట కదా. ఎవరు ముందో మాత్రం పొరపాటున కూడా అడగకు!

బావగారికీ మీ అత్తగారికీ నా వందనాలు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించక్కా. ఇక్కడ తల వంచుకునే ఉన్నాను. వాళ్ళిద్దర్నీ పట్టి లాగిన ఆ చెయ్యే నా తల మీద పెట్టు.

నీ
సునీత