వేడన్నం తినే వయసు

పెదకాకాని,
మంగళవారం

ప్రియమైన సువార్తక్కకి చెల్లెలు కరుణమ్మ రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పి రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, అబ్బాయీ, కోడలూ, చంటిదీ అందరూ బాగున్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? బోరులో నీళ్ళు వస్తున్నాయా, లేక ఈ ఎండలకి మళ్ళీ గాలే పోస్తోందా? అన్నిటికీ జవాబు కావాలి.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఫోను నువ్వు ఎత్తితే కదా! మోగి మోగి ఆగిపోతోంది. వినుకొండలో ఉన్న నా కూతురు మేరీ చేత చేయిస్తే దాంతో ఏమన్నావు? "మీ అమ్మని ఈసారి మీ నాన్న జ్ఞాపకార్థ కూడికకి రావద్దని చెప్పు. మొగుడు పోయాక సుఖపడ్డానని గుళ్ళో లేచి నిలబడి చెప్పిన మనిషికి ఆయన సమాధి దగ్గర ఏం పని?" అన్నావట. అది ఫోనులోనే ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు కోపమొచ్చింది. తర్వాత నీ కోపంలో న్యాయం కూడా కనబడింది. నువ్వు నాకు అక్కవే కాదు, తోడికోడలివి కూడా. మనం అన్నదమ్ములిద్దర్నీ చేసుకున్నాం. మా ఆయన యోహాను పసితనంలోనే తల్లిని పోగొట్టుకుంటే, ఆ ఇంటికి కోడలిగా వెళ్ళి అతనికి నూనె రాసి తల దువ్విందానివి నువ్వు. నీకు మరిది కాదు, పెద్దకొడుకు. అలాంటివాడి పెళ్ళాం అంతమాట అన్నదంటే ఎవరికైనా మండుతుంది.

అందుకే మొత్తం రాస్తున్నాను. నీకు ఆ సగం మాట ఫోనులో మోసింది మన వీధి దేవమణి అని నాకు తెలుసు. మిరప కోతలు అయిపోయి దాని ముఠా రేపు మన ఊరు బయలుదేరుతోంది. మిగతా సగం కూడా దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను. మోసిన నోటికి మోసే చెయ్యి తోడుండాలి కదా!

ముందు ఇక్కడి సంగతులు. కోతలకని వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపోయానని నీకు తెలుసు. ఇప్పుడు షెడ్డులో తొడిమలు తీసే పని. పొద్దున్నే ఎర్రటి కాయల గుట్ట ముందు ఆడవాళ్ళం వరసగా కూర్చుని తొడిమ తుంచడం, రంగు పోయిన తాలుకాయ పక్కన పడేయడం. మొదట్లో తుమ్ములే తుమ్ములు. చేతులు మండి రాత్రి చెంగు కూడా పట్టుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు మజ్జిగతో కడుక్కుని కొబ్బరి నూనె రాస్తున్నాను, సర్దుకుంది. దగ్గు ఉంది కానీ భయపడకు, ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నాను. ఎండలు మన కనిగిరి వైపంత కరుగ్గా లేవు గానీ ఉక్కపోత ఎక్కువ. నీళ్ళు మాత్రం పుష్కలం. బిందె ఎత్తుకుని వెళితే నిండిన బిందెతోనే వస్తాం. అదొక్కటే చాలు రోజూ స్తోత్రం చెప్పడానికి.

ఉండేది మస్తాన్‌బీ ఇంట్లో ఒక గది. ఆమె కూడా మొగుడు పోయినామే, నా పక్కనే కూర్చుని తొడిమలు తీస్తుంది. మంచి మనిషి. పండక్కి సేమియా నా గిన్నె నిండా పోసింది, క్రిస్మస్‌కి నేను అరిసెలిచ్చాను. ఒంటరితనం లేదని అబద్ధం రాయను. ఆదివారం గుడి నుంచి వచ్చాక పొద్దు పోదు. అప్పుడు నువ్వు గుర్తొస్తావు. నీ కేకలు లేకపోతే చెవులకి ఏమీ తోచదు అక్కా.

ఇక ఆ శుక్రవారం సంగతి. స్త్రీల కూడికలో పాస్టరు అయ్యగారి భార్య, మేం అమ్మగారంటాం, ప్రార్థన అయ్యాక ఒక మాట అడిగింది. "జీవితంలో మీకు ఏ వయసు అన్నిటికన్నా సంతోషంగా గడిచింది? ఒక్కొక్కరూ లేచి చెప్పి దేవునికి కృతజ్ఞత చెల్లించండి" అంది. సగం మంది చిన్నతనం అన్నారు. ఒకామె పెద్దాడు పుట్టినప్పుడు అంది. ఒక ముసలామె లేచి, "మా అత్త పోయిన ఏడాది" అనేసరికి అమ్మగారు కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

నా వంతు వచ్చేదాకా నేనూ చిన్నతనమే అందామనుకున్నాను. కానీ ఆలోచిస్తే చిన్నతనంలో ఏముందక్కా? నువ్వున్నావు, అది నిజం. పత్తి తీసేటప్పుడు నా వేళ్ళకి కాయ ముళ్ళు గుచ్చుకుంటాయని నా సాలు కూడా నువ్వే తీసేదానివి. కానీ ఆకలి కూడా ఉంది. అమ్మ అందరికీ పెట్టి, చివర్లో కుండ గీకి, ఆ మాడుచెక్క నీళ్ళలో నానేసుకునేది. అమ్మ తినగా మనం ఎప్పుడైనా చూశామా? పెళ్ళయ్యాక మనమూ అంతే. మగవాళ్ళు, పిల్లలు, వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు. అందరిదీ అయ్యాక మన కంచం. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, యోహాను బంగారం లాంటి మనిషి. కానీ అప్పటి రోజులన్నీ వాన కోసం, బోరు కోసం, మేరీ చదువు కోసం భయపడటంతోనే సరిపోయాయి. సంతోషపడటానికి తీరికేదీ?

అందుకని లేచి, "ఇప్పుడేనండీ. ఇంత సుఖం నాకెప్పుడూ లేదు" అన్నాను. సరిగ్గా అప్పుడే బయట ముఠా ఆటో హారన్ కొట్టింది. వెనక కూర్చున్న దేవమణి నా వైపు ఒక చూపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అక్కడితో దాని కథ అయిపోయింది. నాది అవలేదు.

తర్వాత నేను చెప్పింది ఇదీ. అక్కా, ఇది నీకు కూడా తెలియదు.

ఆయన ఆఖరి ఏడాది గుర్తుందా, జబ్బు చేసి పొలానికి పోలేక ఇంట్లోనే కూర్చున్నాడు. నేను కూలికి పోయేదాన్ని. ఒకరోజు వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చుని దగ్గుతూ ఊదుతున్నాడు. అన్నం వండాడు. మొదట్లో మాడ్చాడు, తర్వాత జావ చేశాడు, పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు. తిట్టాను. వినలేదు. "ఏమే, కాళ్ళు కడుక్కుని రా, అన్నం ఆరిపోతుంది" అనేవాడు. మీరు తినకుండా నేనెలా తింటానంటే ఏమన్నాడో తెలుసా? "ఇన్నేళ్ళూ నేనే ముందు తిన్నాను. నీ వంట ఎంత బాగుంటుందో నీకేం తెలుసు? నువ్వెప్పుడూ చల్లారిందే తిన్నావు" అన్నాడు.

నా కంచంలో ఆయనే పొగలు కక్కే అన్నం పెట్టేవాడు. నేను తింటుంటే చూసేవాడు. అదయ్యాకే తను తినేవాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మన రెండిళ్ళకీ ఒకటే వాకిలి. మన వాకిట్లో అన్నాలవేళ ఎవరైనా తలుపేసుకుంటారా? నేను వేసేదాన్ని. మొగుడు వండి పెడితే ముందు కూర్చుని తింటోందని వీధికి తెలిస్తే నన్ను గయ్యాళి అంటారు, అది పడతాను. ఆయన్ని ఆడంగి అంటారు, అది పడలేను. నువ్వు బయట నుంచి, "ఏమే కరుణా, తలుపేసుకుని ఏ కోడి కోసుకు తింటున్నారే? చెయ్యి అడ్డం పెట్టుకుంటే వాసన ఆగుతుందా?" అని అరిచేదానివి. లోపల ఆయన నోరు మూసుకుని నవ్వేవాడు. కోడి లేదక్కా. పచ్చిపులుసూ అన్నమే. ఏడాదంతా అదే మా విందు.

ఆయన పోయాక నేను మళ్ళీ చల్లన్నానికే వచ్చేశాను. నువ్వు పెడితే తిన్నాను, లేకపోతే లేదు. ఈ గదికి వచ్చిన మొదటిరోజు అన్నం వండి, వార్చి, మూత పెట్టి కూర్చున్నాను. ఎవరి కోసం కూర్చున్నానో నాకే తెలియదు. ఎవరూ రారు. ఎవరికీ పెట్టక్కర్లేదు. ఉన్నట్టుండి "అన్నం ఆరిపోతుంది" అన్న ఆయన మాట గుర్తొచ్చింది. కంచంలో పెట్టుకుని, కాస్త ఉప్పు, నూనె, గొడ్డుకారం కలుపుకుని వేడివేడిగా తిన్నాను. కళ్ళ నీళ్ళు కారాయి. కారానికేలే అనుకున్నాను. కారానికి కాదు.

అప్పటినుంచి రోజూ వేడన్నమే. పని చేసుకుంటాను, తింటాను, కూడికలో పాట పాడతాను, ఆదివారం మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని పడుకుంటాను. ఎవరికీ భయపడను. ఆ సుఖం నాకు ఆయన పోవడం వల్ల రాలేదు. పోయేముందు ఆయన నేర్పి పోబట్టి వచ్చింది. గుళ్ళో దీనికే కృతజ్ఞత చెల్లించాను. అమ్మగారు కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు కూడికకి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఇంటికెళ్ళి అందరికన్నా ముందు తినే ఉంటారని మస్తాన్‌బీతో అంటే, ఆమె, "ముందు మీ అక్కకి రాయి. గుడికి చెప్పి ఇంటికి చెప్పకపోతే ఎలా?" అంది. అందుకే ఈ ఉత్తరం.

అక్కా, నీకు అరవై దాటాయి. బావగారికి పెట్టి, కొడుక్కి పెట్టి, కోడలికి పెట్టి, చంటిదానికి కలిపి తినిపించి, తర్వాత నువ్వు. నువ్వు వేడన్నం తిని ఎన్నాళ్ళయింది? నన్ను తిట్టేముందు దీనికి జవాబు చెప్పు.

ఈస్టర్ అయిన వారం ఆయన కూడికకి నేను వస్తున్నాను. రావద్దన్నా వస్తాను, ముందే చెబుతున్నాను. సమాధికి సున్నం నేనే వేస్తాను. గుంటూరు మిరపకాయలు మంచివి ఏరి తెస్తున్నాను, ఈ ఏటి పచ్చడికి పనికొస్తాయి. నా కోసం కాస్త సజ్జపిండి పట్టించి ఉంచు, ఇక్కడ ఆ రొట్టెలకి మొహం వాచిపోయాను. బావగారికి నా వందనాలు. ఆయన పాదాల దగ్గర కూర్చుని ఈ ఉత్తరం చదివి వినిపించు. తమ్ముడి సంగతి ఆయనకి కూడా తెలియాలి. అబ్బాయికీ కోడలికీ దీవెనలు, చంటిదానికి ముద్దులు. ఉత్తరం తెచ్చిన దేవమణికి టీ ఇవ్వు, పాపం దూరం నుంచి వస్తోంది. పెద్దదానివి, నీ దీవెన లేకుండా నాకు ఏ సుఖమూ నిలవదు. ప్రార్థనలో నా పేరు మర్చిపోకు.

ఒక్కటే కోరిక. ఆ రోజు ప్రార్థన అయ్యి కూర దించగానే, వచ్చినవాళ్ళని కాసేపు ఆగమందాం. మన ఇద్దరికీ రెండు కంచాలు పెట్టు. ముందు మనం తిందాం. ఈసారి తలుపు తీసే ఉంచు.

నీ చెల్లెలు,
కరుణ